7.5 అంటే ఎంత? మన మార్కులు అక్షరాలుగా మారిన కథ

ఇవాళ ఒక నంబరుతో మొదలుపెడదాం. 7.5. బీటెక్‌లో మీ సీజీపీఏ 7.5 అనుకోండి. ఎంబీఏకో, విదేశాల్లో మాస్టర్స్‌కో అప్లై చేస్తున్నారు. ఫారంలో ఒక చిన్న గడి ఉంది, పక్కన "పర్సంటేజ్" అని రాసి ఉంది. అక్కడ ఎంత రాస్తారు?

పదితో గుణిస్తే 75. సీబీఎస్‌ఈ చదివిన ఫ్రెండ్‌ని అడిగితే "9.5తో గుణించరా" అంటాడు, 71.25 వస్తుంది. జేఎన్‌టీయూ హైదరాబాద్ రూల్ ప్రకారం 0.5 తీసేసి పదితో గుణించాలి, అంటే 70. ఏఐసీటీఈ పాత పట్టికలో చూస్తే 0.75 తీసేయాలి, 67.5 అవుతుంది. మనిషి ఒకడే, మెమో ఒకటే, పర్సంటేజీలు మాత్రం నాలుగు. డిస్టింక్షన్ గీత 70 దగ్గర ఉంటే, ఒక లెక్కలో మీరు గీతకి ఇవతల, ఇంకో లెక్కలో అవతల.

ఈ గడి గురించి నాకు ప్రతి వారం మెసేజీలు వస్తాయి. ఏలూరు నుంచి, భీమడోలు నుంచి, కైకలూరు నుంచి. "అన్నా, ఏ ఫార్ములా కరెక్టు?" అని. ఫార్ములా చెప్పేసి వదిలేయొచ్చు. కానీ అసలు ఇన్ని ఫార్ములాలు ఎక్కడినుంచి వచ్చాయో తెలిస్తే గానీ ఆ గడిలో ఏం రాయాలో అర్థం కాదు. అందుకే ఇది కొంచెం చరిత్ర ఎపిసోడ్.

ముందు మన తాతల కాలానికి వెళ్దాం. ఏలూరులో సర్ సీఆర్ రెడ్డి కాలేజీ 1945లో మొదలైంది. ఆ పేరున్న కట్టమంచి రామలింగారెడ్డి గారు 1926లో పుట్టిన ఆంధ్రా యూనివర్సిటీకి మొదటి వైస్ ఛాన్సలర్. మా తాతయ్య ఆ కాలేజీలోనే బీఏ చదివాడు. ఆయన దగ్గర మార్కుల మాట వస్తే నంబరు ఎప్పుడూ చెప్పేవాడు కాదు, "సెకండ్ క్లాస్" అని మాత్రమే అనేవాడు. 60 దాటితే ఫస్ట్ క్లాస్, 50 దాటితే సెకండ్, ఆ కింద థర్డ్. ఒక రకంగా చూస్తే అదీ గ్రేడింగే. వంద మెట్లున్న నిచ్చెనని మూడు మెట్లు చేసేశారు. ఏ, బీ, సీ అనే అక్షరాలు లేవు, అంతే తేడా.

అయితే ఆ రోజుల్లో 60 రావడం అంటే మాటలు కాదు. ఫస్ట్ క్లాస్ వచ్చిన కుర్రాడి పేరు ఊరంతా తెలిసేది. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, అమెరికా దగ్గర మళ్ళీ కావాలి.

ఆంధ్రా యూనివర్సిటీకి సీఆర్ రెడ్డి గారు రెండుసార్లు వైస్ ఛాన్సలర్‌గా ఉన్నారు. ఆ రెండిటి మధ్య, 1931 నుంచి 1936 దాకా, ఆ కుర్చీలో ఉన్నది సర్వేపల్లి రాధాకృష్ణన్. స్వాతంత్ర్యం వచ్చాక 1948లో వేసిన యూనివర్సిటీ ఎడ్యుకేషన్ కమిషన్‌కి ఆయనే ఛైర్మన్. ఆ కమిషన్ ఒక సిఫార్సు చేసింది: ఫస్ట్ క్లాస్‌కి 70, సెకండ్ క్లాస్‌కి 55, థర్డ్ క్లాస్‌కి 40 ఉండాలి అని. మన యూనివర్సిటీలు ఫస్ట్ క్లాస్‌ని 60 దగ్గరే ఉంచాయి. ఆ సిఫార్సు అమలై ఉంటే మన ఇళ్ళల్లో గోడలకి వేలాడే ఫస్ట్ క్లాస్ డిగ్రీలు చాలావరకు సెకండ్ క్లాస్ డిగ్రీలయ్యేవి. చదివింది అదే, రాసింది అదే, గీత ఎక్కడ గీశారన్నదే తేడా. ఆ గీత ఆకాశం నుంచి ఊడిపడలేదు, కమిటీల్లో కూర్చుని మనుషులు గీసిందే.

ఇప్పుడు అక్షరాల సంగతి. మనుషుల్ని మార్కులతో కాకుండా గుంపులుగా విడదీయడం అమెరికాలో పాత అలవాటు. 1785లో యేల్ కాలేజీ ప్రెసిడెంట్ ఎజ్రా స్టైల్స్ తన విద్యార్థుల్ని లాటిన్ పేర్లతో నాలుగు గుంపులు చేశాడు. మనకి తెలిసిన ఏ, బీ, సీ పద్ధతి దగ్గరికి వస్తే, 1897లో మౌంట్ హోలియోక్ అనే మహిళా కాలేజీ ఒక పట్టిక పెట్టింది. 95 నుంచి 100 వస్తే ఏ. 85 నుంచి 94 బీ. 76 నుంచి 84 సీ. సరిగ్గా 75 వస్తే డీ, అంటే బొటాబొటీ పాస్. 75 కంటే తక్కువైతే ఈ, అంటే ఫెయిల్.

ఒక్కసారి ఆగండి. 74 వస్తే ఫెయిల్! మన దగ్గర డిస్టింక్షన్ కొట్టి, ఇంట్లో స్వీట్లు పంచిన మనిషి అక్కడ ఫెయిల్. వాళ్ళు తెలివైనవాళ్ళని, మనం కాదని అర్థం కాదు ఇది. అక్కడి పేపర్ వేరు, దిద్దే చెయ్యి వేరు, వంద అనే మాటకి అర్థమే వేరు. రెండు దేశాల వందలూ ఒకటే అనుకోవడం దగ్గరే మన కష్టాలన్నీ మొదలవుతాయి.

దిద్దే చెయ్యి అన్నాను కదా. 1912లో విస్కాన్సిన్ యూనివర్సిటీలో డేనియల్ స్టార్చ్, ఎడ్వర్డ్ ఎలియట్ అనే ఇద్దరు ఒక పని చేశారు. ఒకే ఇంగ్లీషు జవాబు పత్రానికి కాపీలు తీసి బోలెడు స్కూళ్ళకి పంపారు. 142 మంది టీచర్లు దిద్దారు. అదే పేపర్‌కి ఒకరు 64 వేశారు, ఇంకొకరు 98 వేశారు. "ఇంగ్లీషు కదా, అలాగే ఉంటుంది" అన్నారు జనం. తర్వాతి ఏడాది జామెట్రీ పేపర్ పంపారు. 28 నుంచి 95 దాకా వచ్చాయి! లెక్కల పేపర్ అది. అక్షరాల వైపు మొగ్గడానికి ఇదొక పెద్ద కారణం. 71కీ 72కీ తేడా దిద్దేవాడి మూడ్‌లో ఉన్నప్పుడు, ఇద్దర్నీ ఒకే గుంపులో పెట్టడం న్యాయం అనిపిస్తుంది.

మన దేశంలోనూ ఇదే మాట 1953లో వచ్చింది. మద్రాసు యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్ లక్ష్మణస్వామి ముదలియార్ అధ్యక్షతన వేసిన సెకండరీ ఎడ్యుకేషన్ కమిషన్, స్కూళ్ళలో మార్కులు తీసేసి ఏ నుంచి ఈ దాకా ఐదు గుర్తులు పెట్టమంది. మన పదో తరగతి దాకా ఆ మాట రావడానికి 2012 అయింది. లెక్కేసుకోండి, 59 ఏళ్ళు.

ఈలోపు ఇంకో దారిలో గ్రేడ్లు మన జిల్లాకి వచ్చేశాయి. చాలామంది గమనించలేదు, ఎందుకంటే అది పొలం గట్టు మీదుగా వచ్చింది. 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం పెట్టారు. నమూనా అమెరికాది, సహకారం కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీది. ఉత్తరాదిన పంత్‌నగర్‌కి ఇల్లినాయిస్ యూనివర్సిటీ ఎలాగో, మనకి కాన్సాస్ అలాగ. వాళ్ళతో పాటు కోర్సు క్రెడిట్లు, గ్రేడ్ పాయింట్లు, ఓజీపీఏ అనే మాటా వచ్చాయి. పక్కన ఆర్ట్స్ కాలేజీలో అందరూ "ఫస్ట్ క్లాసా, సెకండ్ క్లాసా" అనుకుంటున్న రోజుల్లో అగ్రికల్చర్ బీఎస్సీ వాళ్ళు పాయింట్లలో మాట్లాడుకున్నారు. పాత బ్యాచ్‌ల ఓజీపీఏ నాలుగుకి ఉండేది, ఇప్పుడు పదికి. తాడేపల్లిగూడెం దగ్గర వెంకట్రామన్నగూడెంలో 2007లో పెట్టిన ఉద్యాన విశ్వవిద్యాలయం పిల్లల ఓజీపీఏ ఆ కుటుంబానిదే. అదే గూడెంలో 2015లో ఎన్‌ఐటీ వచ్చింది. వరంగల్ ఎన్‌ఐటీ పెద్దన్నలా చూసుకుంది, మొదట్లో క్లాసులు వాసవి ఇంజనీరింగ్ కాలేజీలో జరిగాయి. అక్కడ పదికి సీజీపీఏ, పక్కన ఒక అక్షరం. ఎన్‌ఐటీలు, ఐఐటీల్లో చాలాచోట్ల ఆ అక్షరం మీ మార్కుని బట్టే కాదు, క్లాసులో మిగతావాళ్ళ మార్కుల్ని బట్టి కూడా మారుతుంది. ఏలూరు నుంచి గూడెం యాభై కిలోమీటర్లకి అటూఇటూ. ఆ చిన్న దారిలోనే డిగ్రీ కాలేజీ, జేఎన్‌టీయూ కాకినాడ కింద ఉన్న ఇంజనీరింగ్ కాలేజీ, ఉద్యాన యూనివర్సిటీ, ఎన్‌ఐటీ. ఒక్కోదాంట్లో "ఏ" గ్రేడ్‌కి ఒక్కో అర్థం.

సరే, 2012. నేను పదో తరగతి రాసిన ఏడాది. గ్రేడింగ్‌లో మేమే మొదటి బ్యాచ్. రిజల్ట్ వచ్చిన రోజు మా తాతయ్యకి 9.3 అని చెప్తే, "అంటే ఎన్ని మార్కులురా?" అన్నాడు. "తెలీదు తాతయ్యా" అన్నాను. నిజంగానే ఎవరికీ తెలీదు, మెమోలో లేవు. ఆయన కాసేపు ఆలోచించి, "పోనీ, ఫస్ట్ క్లాసేనా?" అన్నాడు.

ఉద్దేశం మంచిదే. పేపర్ల మొదటి పేజీల్లో ర్యాంకుల ఫోటోలు, ఒక్క మార్కు కోసం పిల్లల మీద ఒత్తిడి, అవన్నీ తగ్గుతాయని. కానీ జరిగింది చూడండి. ర్యాంకుల ఫోటోలు పోయి, "మా స్కూల్లో ఇంతమందికి పదికి పది" అనే ఫ్లెక్సీలు వచ్చాయి.

అసలు దెబ్బ ఎక్కడ తగిలిందో చెప్తాను. నూజివీడు ట్రిపుల్ ఐటీ తెలుసు కదా. 2008లో ఆర్‌జీయూకేటీ కింద పెట్టారు, ఇప్పుడు 2022 విభజన తర్వాత ఏలూరు జిల్లాలోకి వచ్చింది. ఎంట్రన్స్ లేకుండా, పదో తరగతి ఫలితంతోనే ఆరేళ్ళ ఇంటిగ్రేటెడ్ బీటెక్‌లో సీటు. కొల్లేరు లంక గ్రామంలో జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివే అమ్మాయికి, కోచింగ్ ఫీజు కట్టలేని ఇంటికి, దీనికంటే పెద్ద తలుపు లేదు. ప్రభుత్వ బడి పిల్లలకి జీపీఏ మీద 0.4 కలిపేవాళ్ళు, అదీ మంచి పనే.

ఇప్పుడు ఇద్దరమ్మాయిల్ని ఊహించుకోండి. ఇది నేను వేసిన ఉదాహరణ. మొదటి అమ్మాయికి ఆరు సబ్జెక్టుల్లోనూ 92. మొత్తం 552. 92 అంటే ఏ1, పది పాయింట్లు. జీపీఏ 10. రెండో అమ్మాయికి ఐదు సబ్జెక్టుల్లో వందకి వంద, ఒక్కదాంట్లో 90. మొత్తం 590. 90 అంటే ఏ2, తొమ్మిది పాయింట్లు. జీపీఏ 9.8. 552 వచ్చిన పిల్ల ముందు, 590 వచ్చిన పిల్ల వెనక!

ఇంకా ఉంది. ఒకే జీపీఏ దగ్గర చాలామంది ఉంటే ఎవర్ని ముందు పిలవాలి? మార్కులు చూద్దామంటే అందుబాటులో లేవు. కాబట్టి ముందు లెక్కల గ్రేడ్ చూస్తారు, తర్వాత సైన్స్, ఇంగ్లీషు, సోషల్, ఇలా. అన్నీ సమానమైతే పుట్టిన తేదీ. వయసులో పెద్దవాళ్ళు ముందు. అదీ సమానమైతే హాల్‌టికెట్ నంబరుతో తీసిన ఒక ర్యాండమ్ నంబరు. నేను కోడ్ రాసిన మనిషిని కాబట్టి ఆ రూల్ ఎందుకు పెట్టారో అర్థమవుతుంది. సార్ట్ చేయడానికి ఏదో ఒక కీ కావాలి. కానీ ఆ పిల్లలు పరీక్షలో చూపించిన తేడాని చెరిపేసి, పుట్టినరోజు తేడాతో విడదీయడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఆకివీడు, కైకలూరు వైపు రొయ్యల చెరువులున్నవాళ్ళకి ఇది ఇట్టే అర్థమవుతుంది. రొయ్య ధర కౌంట్ మీద కదా. 50 కౌంట్ అంటే కిలోకి 50 రొయ్యలు, సగటున ఒక్కోటి 20 గ్రాములు. చెరువులో 25 గ్రాముల రొయ్యా ఉంటుంది, 15 గ్రాములదీ ఉంటుంది. కౌంట్ పడ్డాక అన్నీ ఒకటే. చీటీ మీద "50 కౌంట్" అని చూసి, ఏ రొయ్య ఎంత బరువుందో తిరిగి చెప్పమంటే ఎవరు చెప్పగలరు? ఫోన్ భాషలో చెప్పాలంటే, వాట్సాప్‌లో కుదించి వచ్చిన ఫోటోని ఎంత జూమ్ చేసినా పోయిన వివరం తిరిగి రాదు. మార్కు నుంచి గ్రేడ్‌కి దారి ఉంది. గ్రేడ్ నుంచి మార్కుకి దారి లేదు. ఉన్నట్టు కనిపించే ప్రతి ఫార్ములా ఒక అంచనా మాత్రమే.

సీబీఎస్‌ఈ 9.5 సంగతి చూడండి. 2009-10లో వాళ్ళు గ్రేడ్లు తెచ్చినప్పుడు పర్సంటేజీ కావాలని అందరూ అడిగారు. అంతకుముందు ఐదేళ్ళలో 91 నుంచి 100 మధ్య మార్కులు తెచ్చుకున్నవాళ్ళ సగటు తీస్తే 95 దగ్గర వచ్చింది. 95ని పదితో భాగిస్తే 9.5. అంతే, అదీ దాని పుట్టుక. సీబీఎస్‌ఈ పదో తరగతి పిల్లల పాత మార్కుల నుంచి తీసిన అంచనా అది. దాన్ని తీసుకొచ్చి జేఎన్‌టీయూ బీటెక్‌కి అతికించడం అంటే, పక్కింటివాళ్ళ కరెంటు మీటర్ చూసి మన బిల్లు కట్టడమే.

బీటెక్‌లో నేను 2014లో చేరాను, మాకు పర్సంటేజీ. జేఎన్‌టీయూ కాకినాడలో 2016లో చేరిన మా జూనియర్లకి ఆర్16 రెగ్యులేషన్, సీజీపీఏ. ఒకే బెంచీ, ఒకే సిలబస్, రెండేళ్ళ తేడాతో వేరే భాష. ఇక్కడ 0.5, 0.75 ఎందుకు తీసేస్తారో కూడా చెప్పేస్తాను. 60 నుంచి 69 దాకా వచ్చినవాళ్ళందరికీ ఏడు పాయింట్లు ఇస్తారనుకోండి. ఏడుని పదితో గుణిస్తే 70, అంటే ఆ గుంపులో ఎవరికీ రాని మార్కు! గుంపు మధ్యలోకి రావాలంటే అర పాయింట్ తగ్గించాలి, 65 వస్తుంది. 0.75 తగ్గించేవాళ్ళు ఇంకొంచెం జాగ్రత్తగా, కింది వైపు చూస్తారు. ఏఐసీటీఈ పట్టికలో 6.75కి 60, 7.75కి 70 అని ఉండేది అందుకే. రెండిటికీ తర్కం ఉంది. కాబట్టి ఏది కరెక్టు అనే ప్రశ్నకి జవాబు గణితంలో దొరకదు, మీ యూనివర్సిటీ మీ బ్యాచ్‌కి రాసిపెట్టిన రెగ్యులేషన్ పుస్తకంలో దొరుకుతుంది.

పదో తరగతి కథకి ముగింపు కోవిడ్ రాసింది. 2020లో, 2021లో పరీక్షలు రద్దు. అందరూ పాస్. తర్వాత పై చదువులకీ ఉద్యోగాలకీ ఇబ్బంది అవుతుందని రిటైర్డ్ ఐఏఎస్ అధికారి ఛాయారతన్ అధ్యక్షతన కమిటీ వేసి, స్కూల్లో రాసిన పరీక్షల నుంచి గ్రేడ్లు తీశారు. ఆ రెండేళ్ళు ట్రిపుల్ ఐటీ సీట్లకి విడిగా ఎంట్రన్స్ పెట్టారు. 2022లో మన ఎస్సెస్సీకి మళ్ళీ మార్కులు వచ్చాయి. ట్రిపుల్ ఐటీ వాళ్ళు మళ్ళీ మార్కులు చూడటం మొదలుపెట్టారు, 0.4 బదులు నాలుగు శాతం కలుపుతున్నారు. 2012లో నా మెమో మీద ఉన్న జీపీఏ మాత్రం అలాగే ఉంది. నా వయసువాళ్ళు, మా తర్వాత కొన్ని బ్యాచ్‌లు, జీవితాంతం ఫారంలో ఆ గడి దగ్గర ఆగాల్సిందే.

ఇక విమానం ఎక్కేవాళ్ళ సంగతి. అమెరికాలో మీ మార్కుల్ని వాళ్ళ అక్షరాల్లోకి మార్చే సంస్థలున్నాయి. 1974లో పెట్టిన వరల్డ్ ఎడ్యుకేషన్ సర్వీసెస్ వాటిలో బాగా తెలిసింది. గూగుల్‌లో "90 అయితే ఏ, 80 అయితే బీ" అనే పట్టిక చూసి, నా 68కి డీ వస్తుందని ఏడ్చిన తమ్ముళ్ళు నాకు తెలుసు. అది అమెరికా క్లాసుల పట్టిక. మన మార్కుల్ని వాళ్ళు అలా చదవరు. ఆ సంస్థ లెక్కలో మన ఫస్ట్ క్లాస్, అంటే 60 దాటితే, సాధారణంగా ఏ. ఇందాక గుర్తుపెట్టుకోమన్నాను చూడండి. మా తాతయ్య కాలం నాటి ఆ పిసినారి దిద్దుడు, ఆ అరవై గీత, ఇవాళ భీమడోలు కుర్రాడి అప్లికేషన్‌ని కాపాడుతోంది. ఇప్పుడు ఇంటర్నల్ మార్కులు ధారాళంగా పడుతున్న కాలంలో కూడా ఆ గీత అక్కడే ఉందంటే, అది మన అదృష్టం అనే అనుకుంటాను.

లా స్కూల్‌కి వెళ్ళేవాళ్ళకి ఇంకో పద్ధతి. అక్కడ మన డిగ్రీని జీపీఏగా మార్చనే మార్చరు. మొత్తం చూసి "సుపీరియర్", "ఎబవ్ యావరేజ్" లాంటి ఒక మాట రాస్తారు. మెడికల్ స్కూళ్ళ ఉమ్మడి అప్లికేషన్ సంస్థ అయితే విదేశీ మార్కుల్ని లెక్కలోకే తీసుకోదు.

జర్మనీది వేరే తమాషా. బవేరియన్ ఫార్ములా అంటారు. వాళ్ళకి 1 అంటే బెస్ట్, 4 అంటే పాస్. మీ గరిష్ఠ మార్కు, మీ మార్కు, మీ పాస్ మార్కు, మూడూ వేస్తారు. 70 మార్కులకి, పాస్ 40 అయితే 2.5 వస్తుంది. అదే 70కి పాస్ 35 అయితే 2.38. ఐదు మార్కులు తక్కువ పాస్ గీతతో మీ గ్రేడ్ మెరుగైపోయింది. అందుకే ఆ ఫారంలో పాస్ మార్కు గడిని ఊహించి నింపకండి, మెమో వెనక చూసి రాయండి.

చివరగా పని మాట. సీజీపీఏ అడిగితే సీజీపీఏనే రాయండి, పక్కన "పదికి" అని వేయండి. పర్సంటేజీ తప్పనిసరి అంటే మీ రెగ్యులేషన్‌లో ఉన్న ఫార్ములా వాడండి. ఆర్16 వాళ్ళది ఒకటి, తర్వాతి వాళ్ళది ఇంకోటి కావచ్చు, సీనియర్‌ని అడిగి కానిచ్చేయకండి. ఆ పేజీని పీడీఎఫ్ చేసి అప్లికేషన్‌తో జత చేయండి. చాలా యూనివర్సిటీల్లో ఎగ్జామ్స్ బ్రాంచి నుంచి కన్వర్షన్ సర్టిఫికెట్ కూడా ఇస్తారు. దానికి ఫీజు, చలానా, కొన్ని రోజుల టైమ్ ఉంటాయి కాబట్టి డెడ్‌లైన్ వారం కాదు, రెండు నెలల ముందే అడగండి. 2012 నుంచి గ్రేడ్ మెమో ఉన్నవాళ్ళు పదో తరగతి గడిలో జీపీఏ రాసి, మెమో వెనక ఉన్న గ్రేడ్ పట్టికని కూడా స్కాన్ చేసి పెట్టండి. రెండు వైపులా.